అంగారకుడి మీద గ్రీన్‌హౌస్: ముందు గాలి లెక్క తేల్చండి

బొమ్మల్లో కనిపించే గాజు గోపురాన్ని ముందు పక్కన పెట్టేయండి. అంగారకుడి మీద గాలి ఒత్తిడి సుమారు 0.6 కిలోపాస్కల్, మన దగ్గర 101. లోపల 50 ఉంచినా, ప్రతి చదరపు మీటరు గోడనూ 5 టన్నుల బలంతో బయటికి తోస్తుంది. 3 మీటర్ల వ్యాసార్థంతో గొట్టంలా కడితే, దాని పొడవులో ప్రతి మీటరుకూ గోడ 15 టన్నుల లాగుడు తట్టుకోవాలి. పైన మట్టి పోస్తే సరిపోదా అంటారు. అక్కడి గురుత్వం మనదాంట్లో 38 శాతమే. ఆ తోపుడును మట్టి బరువుతోనే అణచాలంటే దాదాపు 9 మీటర్ల మందం పోయాలి! మట్టి రేడియేషన్‌కీ చలికీ అడ్డు, అంతే. ఒత్తిడిని మోయాల్సింది గొట్టమే.

ఒత్తిడి ఇంకా తగ్గిస్తే గోడ తేలికవుతుంది గానీ, ఆకుల్లోంచి నీరు త్వరగా ఆవిరైపోతుంది. వేళ్ల దగ్గర నీళ్లున్నా మొక్క కరువొచ్చినట్టే ప్రవర్తిస్తుంది. తేమ పెంచితే చల్లటి గోడల మీద నీరు పట్టి బూజు మొదలు. అందుకే ఫ్యాన్లు ఆగకూడదు, పట్టిన నీరు తిరిగి ట్యాంకుకే చేరాలి.

ఎండ మనకందేదాంట్లో 43 శాతం. 2018 నాటి దుమ్ము తుఫానులాంటిది వస్తే వారాల తరబడి అదీ దక్కదు. ఎల్ఈడీలే దిక్కు.

అక్కడి మట్టిలో పెర్క్లోరేట్ అనే విషపూరిత లవణాలున్నాయని 2008లో నాసా అక్కడ దింపిన ఫీనిక్స్ ల్యాండర్ తేల్చింది. కడిగితే పోతాయి, కానీ కడిగిన నీటిని మళ్లీ శుద్ధి చేయాలి. మొదటి పంటలకు మట్టి జోలికే పోకుండా వేళ్లకు పోషక ద్రావణం పిచికారీ చేయడం మేలు. అంటార్కిటికాలో అంతరిక్ష సాగును పరీక్షించే ఈడెన్ ఐఎస్ఎస్ ప్రాజెక్టువాళ్లు 2018లో దోసకాయలు, టమాటాలు అలాగే పండించారు. చిక్కంతా ద్రావణం చిమ్మే సన్నటి మూతి, అంటే నాజిల్‌తో: లవణాలు గడ్డకట్టి మూసుకుపోతే, తేమ నిలిపే మట్టి లేదు కాబట్టి వేళ్లు గంటల్లోనే ఎండిపోతాయి. ప్రతి వరుసకూ రెండు పంపులు, ముందు ఫిల్టరు తప్పనిసరి.