లాడ్జి మెట్లెక్కే ముందు

మా కోనసీమలో ఏ లాకుల దగ్గర గోడ చూసినా అదే రాత: "గుప్త రోగాలా? ప్రతి ఆదివారం ఫలానా లాడ్జి". రావులపాలెంలో బస్సు దిగి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఆ మెట్లెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొట్లం కట్టిన లేహ్యానికి వేలకి వేలు పోస్తారు, బిల్లు మాత్రం అడగరు, ఎలా అడుగుతారు పాపం!

ఈ సమస్యల కోసమే డాక్టర్లకి ఒక అంతర్జాతీయ సంఘం ఉంది తెలుసా? ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ సెక్సువల్ మెడిసిన్, 1982లో మొదలైంది. మొదట మగవాళ్ల సమస్య మీదే పరిశోధన, తర్వాత ఆడవాళ్ల ఇబ్బందులూ చేరాయి (ఆలస్యంగానే లెండి).

అంగస్తంభన సరిగ్గా లేకపోవడం చాలామందిలో షుగర్, బీపీల వల్ల వచ్చేదే, టెన్షన్ వల్లా రావచ్చు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి, అందుకని పూడిక మొదలైతే తేడా ముందు అక్కడే తెలుస్తుంది, గుండెనొప్పి తర్వాతెప్పుడో వస్తుంది. అలాంటిది లేహ్యం నాకుతూ కూర్చుంటే ఎలా? మీ షుగర్ డాక్టర్‌నే అడగండి, ఆయన నవ్వడు, రక్తపరీక్ష రాస్తాడు.

ఇంకోటి, గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు మెడికల్ షాపులో గుసగుసగా అడిగి సిల్డెనాఫిల్ (అంగస్తంభనకి వాడే మాత్ర, వయాగ్రాలో ఉండేది) కొనుక్కోవద్దు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.