గులాబీ వెలుగులో గడ్డ అంచు

పాలమూరు చెల్కల్లో ఎర్రనేల ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేం. మెదడులో పుట్టే గ్లయోమా అనే గడ్డ అంచూ అంతే. కత్తి ఎక్కడుందో తెర మీద చూపే నావిగేషన్ ఉంది కదా అంటారు. అది ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్‌ఐ మీద నడుస్తుంది. పుర్రె తెరిచి మెదడు చుట్టూ ఉండే నీరు కారగానే మెదడు కుంగుతుంది, మ్యాపు తప్పుతుంది.

అందుకే గడ్డను మెరిపించే 5-ఏఎల్‌ఏ అనే మందు. ఒంటి బరువు కిలోకు 20 మిల్లీగ్రాములు. 1.5 గ్రాముల పొడిని 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే, 60 కిలోల మనిషికి 40 మిల్లీలీటర్లు చాలు. మత్తుకు సుమారు మూడు గంటల ముందు తాగిస్తారు. మైక్రోస్కోపులో నీలి కాంతి వేస్తే గడ్డ నడుమ నిప్పుకణికలా ఎర్రగా, అంచుల్లో లేత గులాబీగా కనిపిస్తుంది. చిక్కంతా ఆ లేత గులాబీతోనే. పలచటి రక్తపు పొర కమ్మినా వెలుగు కనబడదు, కడుగుతూ చూడాలి. కుళ్లిన భాగం మెరవదు. నెమ్మదిగా పెరిగే లో-గ్రేడ్ గడ్డలు చాలావరకు అసలే మెరవవు. మెరిసిందల్లా కోయడానికీ లేదు. మాట, చేయి కదలిక ఉండే చోట కరెంటుతో తాకి చూశాకే కత్తి.

అల్ట్రాసౌండ్ చవక, కుంగిన మెదడును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గడ్డ తీసిన గుంతను సెలైన్‌తో నింపాలి, గాలి బుడగ మిగిలితే బొమ్మ చెడుతుంది. కోసిన ముక్కను మంచులా బిగించి మైక్రోస్కోపులో చూసే ఫ్రోజెన్ సెక్షన్‌కు అరగంట వరకూ ఆగాలి. ముక్కను లేజర్ కాంతితో చదివే రామన్ స్కానరైతే రెండు మూడు నిమిషాల్లో చెబుతుంది, కానీ ఖరీదు.

5-ఏఎల్‌ఏ తాగినాక కనీసం 24 గంటలు ఎండ తగలొద్దు, చర్మం కమిలిపోతుంది. నల్లగొండ నుంచి వచ్చిన బంధువులు వార్డు కిటికీ తెర తీయొద్దు.