విశాఖలో ఉగాది, మూడున్నరకి మ్యాచ్

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం పడింది. మర్నాడు రంజాన్ అవ్వొచ్చని అప్పటికే అందరూ అనుకుంటున్నారు, పైగా అదే ఆదివారం మధ్యాహ్నం విశాఖలో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్‌కి ఢిల్లీతో ఐపీఎల్ క్రికెట్ మ్యాచ్. ఇన్ని కలిసొచ్చాక హైదరాబాద్‌లో కూర్చోవడం నా వల్ల కాలేదు. తత్కాల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బెర్తు దొరికింది. రాత్రంతా పక్క బెర్తుల కుర్రాళ్ళకి ఒకటే చర్చ, మనవాళ్ళు ఈసారి 300 కొడతారా లేదా అని. మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టారు కదా, ఆ మత్తు ఇంకా దిగలేదు, ఆ తర్వాత ఉప్పల్‌లో లక్నో చేతిలో ఓడిన సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

మద్దిలపాలెంలో మా పిన్ని ఇల్లు. ఉగాది పొద్దున్న నాకు అప్పగించిన పని వేపపువ్వు దులపడం. కాడలతో సహా కోసుకొచ్చిన రెమ్మల్ని చేటలో వేసి అరచేత్తో రుద్దితే పువ్వు రాలిపోతుంది, తర్వాత చేటని మెల్లగా చెరిగితే పుల్లలు ఒకవైపు చేరతాయి. పచ్చడిలోకి బెల్లం అనకాపల్లిదే, ఆ విషయంలో పిన్ని దగ్గర వేరే మాట లేదు. టీవీలో పంచాంగ శ్రవణం పెట్టారు. విశ్వావసు నామ సంవత్సరంలో నా రాశికి రాజపూజ్యం కన్నా అవమానమే ఎక్కువట, మ్యాచ్ రోజున వినాల్సిన మాట కాదు. బొబ్బట్లు తినీ తినకుండానే తమ్ముడూ నేనూ షర్టులు మార్చుకుంటుంటే పిన్ని ఊరుకోలేదు. "పండగపూట ఎండలో కూచోడానికి డబ్బులు కట్టారేట్రా మీరు?" అంది. కట్టాం మరి.

హనుమంతువాక దాటిన దగ్గర్నుంచే ట్రాఫిక్, ఎండాడ నుంచి నడకే నయమనిపించింది. స్టేడియం బయట సగానికి సగం ఆరెంజ్ జెర్సీలే. కాగితం మీద అప్పుడిది ఢిల్లీ సొంత మైదానం, ఆ సీజన్‌లో వాళ్ళకి విశాఖ రెండో ఇల్లు. లోపల డీజే ఢిల్లీ పేరు అరిపించాలని గొంతు చించుకుంటుంటే జనం మాత్రం మొహమాటానికి అరిచి, సన్‌రైజర్స్ ఫోర్ కొట్టగానే అసలు గొంతు విప్పుతున్నారు. పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది ఈ గ్రౌండ్‌లోనే, 2005 ఏప్రిల్‌లో. నా వెనక సీటాయన ఆ మ్యాచ్ చూశాట్ట, ఆ సంగతి మాకు గంటకోసారి గుర్తుచేశాడు.

టాస్ గెలిచి మనవాళ్ళే బ్యాటింగ్ తీసుకున్నారు. మొదటి ఓవర్లోనే అభిషేక్ రనౌట్. తర్వాత ఢిల్లీ బౌలర్ స్టార్క్ ఇషాన్ కిషన్‌ని అవుట్ చేసి పంపాక, నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటు పట్టుకుని మెట్లు దిగాడు. విశాఖ కుర్రాడు, మూడు నెలల క్రితమే మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టొచ్చినవాడు. జనమంతా లేచి నిలబడ్డారు, నాకు ముందున్నవాళ్ళ భుజాలు తప్ప ఏం కనపడలేదు. అందరూ మళ్ళీ కూర్చునేలోపే ఢిల్లీ కెప్టెన్ అక్షర్‌కి క్యాచ్. సున్నా. అదే ఓవర్లో. టీవీలో అయితే వెంటనే రీప్లే వేస్తారు, ఇక్కడ మాత్రం అతను నడిచి వెళ్ళే దూరమంతా చూస్తూ కూర్చోవాలి. నా పక్కనున్న పెద్దాయన అరుస్తూ ఊపుతున్న జెండాని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

37 పరుగులకి 4 వికెట్లు. అక్కణ్ణుంచి అనికేత్ వర్మ అనే కొత్త కుర్రాడు 41 బంతుల్లో 74 కొట్టాడు కాబట్టి 163 అయినా వచ్చింది. స్టార్క్‌కి అయిదు వికెట్లు. 300 గురించి మాట్లాడినవాళ్ళెవరూ చుట్టుపక్కల కనపడలేదు. ఢిల్లీ ఓపెనర్ డుప్లెసిస్ ఛేజ్ మొదలుపెట్టాక టెన్షన్ కూడా మిగల్లేదు, పదహారు ఓవర్లలో కథ ముగిసింది.

పొద్దు వాలేసరికి ముందు వరుసలోని కుర్రాళ్ళు జేబుల్లోంచి ఖర్జూరాలు తీశారు. ఉపవాసంతోనే ఆ ఎండలో మ్యాచంతా కూర్చున్నారు వాళ్ళు, నేనైతే గంటకో నీళ్ళ సీసా కొన్నాను. నాకూ ఒకటి ఇచ్చి, "పండగ కదన్నా, తీసుకోండి" అన్నాడు ఒకడు. ఏ పండగో చెప్పలేదు. బయటికొచ్చేసరికి నెలవంక కనపడిందని ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతున్నాయి.

మర్నాడు తమ్ముడి స్నేహితుడింట్లో షీర్ ఖుర్మా తిని, అటునుంచటే స్టేషన్‌కి. ఆ రాత్రి ముంబైతో కోల్‌కతా మ్యాచ్ బోగీ అంతటికీ ఒక్క ఫోన్‌లోనే నడిచింది, సిగ్నల్ పోయినప్పుడల్లా ఒక వికెట్ తగ్గేది. ముంబై బౌలర్ అశ్వనీ కుమార్ అనే కుర్రాడు ఐపీఎల్‌లో తన మొదటి బంతికే కోల్‌కతా కెప్టెన్ రహానేని పంపాడన్న సంగతి మాకు చాలాసేపటికి గానీ తెలియలేదు.

గురువారం కోల్‌కతాలో సన్‌రైజర్స్ 120కే ఆలౌటై 80 పరుగులతో ఓడారు. అది పూర్తిగా చూడలేదు, సగంలో టీవీ కట్టేసి పడుకున్నాను. పిన్ని మాత్రం ఫోన్ చేసి, ఈసారి టికెట్లకి ఎంత తగలేశావని అడిగింది.