బెల్టులో ఆఖరి బెజ్జం

సిగరెట్టు మానేసి ఐదు నెలలు. ఆరు కిలోలు పెరిగినా. బెల్టు ఆఖరి బెజ్జానికొచ్చింది. "ఏమిరా, కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఉండావే" అని మాయమ్మకు సంబరం. షర్టు గుండీల కష్టం ఆమెకేం తెలుసు!

నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఒంట్లో క్యాలరీల ఖర్చునూ కొంచెం పెంచుతుంది. అది పోయేసరికి ఆకలితో పాటు నాలుకకు రుచీ తిరిగొచ్చింది. చెనిక్కాయల ఊరిబిండి ఇంత బాగుంటుందని ఇరవై ఏండ్లుగా తెలీనే లేదు. ఒక సంగటి ముద్ద కాస్తా రెండయింది.

అసలు దొంగ సంగటి కాదులెండి. టీ అంగడి దగ్గర సిగరెట్టు లేని చెయ్యి ఊరికే ఉండదు, బజ్జీ వైపు పోతుంది. ఇప్పుడు జేబులో వేయించిన శనగలు పెట్టుకుంటున్నా. ఒక్కో గింజా పొట్టు ఊది నోట్లో వేసుకుంటా ఉంటే టీ చల్లారిపోతుంది, బజ్జీ వాయి అయిపోతుంది.

శనివారం తెల్లారుజామున అలిపిరి మెట్లెక్కుతున్నా. మొత్తం 3,550. మునుపైతే గాలిగోపురం రాకముందే నాలుగుసార్లు కూలబడేవాణ్ణి. మొన్న ఒక్కసారే కూర్చున్నా, అదీ మాయావిడ కోసమే. ఆమె మాత్రం వేరే కథ చెబుతుంది.

పోయిన నెలలో తగ్గింది ఒక్క కిలో. బెల్టు ఇంకా అదే బెజ్జంలో ఉంది.