ముఖం చూడని మనిషికి మన వ్యాపారం అప్పగించడం ఎలా?

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్లు వర్చువల్ అసిస్టెంట్ (దూరం నుంచే ఆన్‌లైన్‌లో మన మెయిల్స్, మెసేజ్‌లు చూసిపెట్టే మనిషి) అనగానే ముందు అడిగేది ఇదే: "లాగిన్లన్నీ ఇచ్చేయాలా?" భయం న్యాయమైనదే, కానీ పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పనే లేదు. మీరు పెట్టుకున్న అమ్మాయిని జీమెయిల్‌లో డెలిగేట్‌గా, అంటే మీ తరఫున మెయిల్ చూసే మనిషిగా చేరిస్తే, ఆమె మీ మెయిల్స్ చదివి జవాబివ్వగలదు, పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. వాట్సాప్ బిజినెస్‌ను ఆమె కంప్యూటర్‌కి లింక్ చేస్తే, వద్దనుకున్న రోజు మీ ఫోన్‌లోంచే లాగవుట్ చేసేయొచ్చు. అయితే పాత చాట్‌లు కూడా ఆమెకు కనబడతాయి, కాబట్టి వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి. యూపీఐ పిన్, ఓటీపీ మాత్రం ఎంత నమ్మకమున్నా ఎవరికీ చెప్పొద్దు.

ఇక పని చేస్తోందో లేదో అన్న టెన్షన్. గంటలు లెక్కపెట్టకండి. ఈరోజు ఎవరెవరికి ట్రాకింగ్ నంబరు వెళ్లింది, ఎవరికి జవాబు పెండింగ్‌లో ఉంది, సాయంత్రానికి గూగుల్ షీట్‌లో రాయమంటే చాలు. నిమిషనిమిషానికీ స్క్రీన్ ఫోటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టడం నాకస్సలు నచ్చదు, మంచి పనివాళ్లు దానికే మానేసి వెళ్లిపోతారు.

"మనలా మాట్లాడగలదా?" అంటారా, "బ్లౌజ్ పీస్ ఉందా", "ఫోటోలో రంగే వస్తుందా", "ఫాల్ కుట్టి పంపిస్తారా" లాంటి రోజూ వచ్చే ప్రశ్నలకు మీ మాటల్లోనే జవాబులు రాసివ్వండి. బేరాలు, చిరిగిన చీర వచ్చిందన్న ఫిర్యాదులు మొదట్లో మీరే చూసుకోండి. ముందు ఒక నెలకే మాట్లాడుకుని, జీతం, సెలవులు, కస్టమర్ల నంబర్లు బయటికి వెళ్లకూడదన్న షరతు అన్నీ కాగితం మీద పెట్టండి, డబ్బులు చెప్పిన తేదీకే వేయండి.