పాత నింజాకి ధర కట్టడం: మా అమ్మాయి, మా నాన్న, మధ్యలో నేను

అమెరికాలో పెరిగిన మన పిల్లలకి ధర అంటే స్టిక్కర్ మీద వేసి ఉన్న అంకె. దాని గురించి మాట్లాడటం మర్యాద కాదనుకుంటారు. చాలావరకు దానివల్ల నష్టమేమీ లేదు. బియ్యం బస్తాకీ బూట్లకీ ఇక్కడ ఎవరూ బేరమాడరు. కానీ ఇల్లు, బండి, జీతం దగ్గరికొచ్చేసరికి ఈ దేశంలోనూ బేరమే నడుస్తుంది. అది తెలియని పిల్లలు జీవితాంతం ఎదుటివాడు చెప్పిన అంకెకే తలూపుతారు. మొన్న మా పెద్దమ్మాయి పాత మోటార్‌సైకిల్ మార్చుకోవాలనుకున్నప్పుడు ఈ సంగతే నన్ను బాగా పట్టుకుంది.

మేముండేది టెక్సస్‌లో. తనది 2014 కవాసాకి నింజా 300. చదువుకునే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. అప్పట్లో ఆడపిల్లకి బైకేమిటని ఇంట్లో రభస జరిగిన మాట నిజమే. ఇక్కడ మోటార్‌సైకిల్ లైసెన్సు కావాలంటే శిక్షణ కోర్సు చేసి తీరాలి. అది పూర్తిచేసి, మంచి హెల్మెట్, జాకెట్ కొనుక్కున్నాకే బండి ఎక్కింది. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. ఏడు వేల డాలర్ల కొత్త బండి నచ్చింది, పాతది ఆ కొత్త బండి అమ్మే డీలర్‌కే ఇచ్చేయాలనుకుంది. డీలర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, 1,000 డాలర్లు ఇస్తామన్నాడట. మా అమ్మాయి సరేననేసి ఇంటికొచ్చింది. ఇంకా సంతకాలు కాలేదు, అదొక్కటే నయం.

"వాళ్ళు నంబర్ చెప్పారు కదమ్మా, ఇంక ఆర్గ్యూ చేస్తే బాగోదు" అంది.

ఆదివారం వీడియో కాల్‌లో ఈ సంగతి మా నాన్న చెవిన పడింది. ఆయన ఒంగోలులో ఉంటారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. వెంటనే ఫోన్‌లో వెతికి చూసుకున్నారు. నింజా 300 ఇండియాలో ఈమధ్య దాకా కొత్తగానే అమ్ముడైన బండి, షోరూమ్ ధర మూడు లక్షల పైమాటే. "మూడు లక్షల బండికి లక్ష కూడా ఇవ్వనంటాడేంటే?" అని ఆయన కంగారు. అమెరికాలో ఆ బండి కథ వేరు. 2013లో 4,799 డాలర్లకి వచ్చింది. 2018లో నింజా 400 వచ్చి దాని స్థానం తీసుకుంది. అది బరువు తక్కువ, బలం ఎక్కువ. ఇప్పుడు పాత 400లు కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నప్పుడు 300కి గిరాకీ తగ్గకుండా ఎలా ఉంటుంది? ఒకే బండి విలువ ఒంగోలులో ఒకటి, డాలస్‌లో మరొకటి. ఇది ఆయనకి చెప్పి ఒప్పించడానికి కాస్త టైమ్ పట్టింది.

ఒప్పుకున్నాక ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నాకు బాగా నచ్చింది. "వాడి లెక్క వాడు చెప్పాడు. నీ లెక్క ఏదమ్మడూ?"

దానికి తన దగ్గర లెక్క లేదు. అక్కడి నుంచి ఇద్దరూ కూర్చుని మొదలుపెట్టారు.

ముందు పుస్తకం ధర. పాత బండ్ల ధరలు చెప్పే, 1926 నుంచి వస్తున్న కెల్లీ బ్లూ బుక్‌లో మోటార్‌సైకిళ్ళకీ ధరలుంటాయి. డీలర్‌కి మార్పిడికి ఇస్తే ఎంత, బయట అమ్మకానికి పెడితే ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. మా బండికి మార్పిడి ధర 1,700 దగ్గర వచ్చింది. జేడీ పవర్ అనే ఇంకో ధరల సైట్‌లో చూపించేది రిటైల్ ధర, అంటే డీలర్ తిరిగి అమ్ముకునే ధర. చాలామంది ఆ అంకె పట్టుకుని వెళ్ళి గొడవపడతారు. రెండింటినీ కలపకూడదు. పైగా పుస్తకం మన బండిని చూడలేదు. బండి మంచి కండిషన్‌లో ఉందనుకుని కట్టిన ధర అది. మోటార్‌సైకిళ్ళ అమ్మకాల సైట్ సైకిల్ ట్రేడర్‌లో మా చుట్టుపక్కల అదే మోడల్‌ని, దాదాపు అన్నే మైళ్ళు తిరిగినవాటిని 2,200 నుంచి 2,800 దాకా అడుగుతున్నారు. అడిగే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు. అందుకే డీలర్ దీన్ని 2,400కి అమ్మగలడని లెక్క వేసుకుంది.

తర్వాత నాన్న బండి చూపించమన్నారు. గరాజ్‌లో లైటు వేసి, ఫోన్ కింద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపించింది. "ముందు టైరు. పక్కన అంకెలుంటాయి చూడు" అన్నారు. డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలున్నాయి: 1819. అంటే 2019లో 18వ వారంలో తయారైన టైరు. గాడులు బాగానే ఉన్నా రబ్బరు పాతబడిపోయింది. "ఇది వాడు మార్చకుండా అమ్మడు. రాసుకో" అన్నారు. ఆ తర్వాత చైను. వెనక స్ప్రాకెట్ పళ్ళ మీద టార్చి వేయించారు. అరిగిన పళ్ళు ఒక పక్కకి కొక్కెంలా వంగుతాయట. మా అమ్మాయి వేలితో ఒక్కో పన్నూ తడుముతూ చక్రం తిప్పింది. అన్నీ నిటారుగా ఉన్నాయి. పోయినేడాది చైను, స్ప్రాకెట్లు కలిపి మార్పించానని అప్పుడు గుర్తొచ్చింది. రసీదు ఈమెయిల్‌లోనే ఉంది. "మరి అది వాడికి చూపించావా?" అడిగారు నాన్న. చూపించలేదు. వాళ్ళు అడగలేదు, తను చెప్పలేదు. పిల్లలకి నేర్పాల్సింది ఇక్కడేనని నాకనిపించింది. ఎదుటివాడు అడగని సంగతుల్లో మన డబ్బుంటుంది.

ఆ తర్వాత డీలర్ వైపు నుంచి కాగితం మీద లెక్క రాసింది. అమ్మే ధర 2,400. టైర్లు, బిగింపుతో కలిపి 350. చైను, స్ప్రాకెట్లు 200. బ్యాటరీ, ఆయిలు, బ్రేక్ ఫ్లూయిడ్, కడగడం అన్నీ కలిపి 150. మిగిలింది 1,700. అతని అద్దె, జీతాలు, లాభం కింద 400 తీస్తే 1,300. మన ఊళ్ళో పాత నగ పట్టుకెళితే షావుకారు తరుగు ఎలా తీస్తాడో అలాగే. కానీ ఏ తరుగు ఎందుకో అడగవచ్చు. చైను కొత్తదే కాబట్టి ఆ 200 తీయడానికి లేదు, 1,500 అయింది. పదేళ్ళు దాటిన బండికి అప్పు ఇచ్చే బ్యాంకులు తక్కువ. అందుకని డీలర్లు ఇలాంటివి ఒక్కోసారి షోరూమ్‌లో పెట్టకుండా వేలానికి పంపేస్తారు. అక్కడ వచ్చేది ఇంకా తక్కువ. మొదట 1,000 అన్నది అలా పంపే ఆలోచనతోనే కావచ్చు.

ఇక్కడ తాతా మనవరాళ్ళకి ఒక మాట మీద పడలేదు. ఒకసారి పార్కింగ్‌లో నిలబెట్టిన బండి పక్కకి పడిపోయింది. కుడివైపు ప్లాస్టిక్ మీద గీతలున్నాయి, బ్రేక్ లివర్ మార్పించింది. "అడిగితే చెప్పు, లేకపోతే ఊరుకో" అన్నారు నాన్న. "అడక్కపోయినా చెప్తాను తాతయ్యా. తర్వాత కొనుక్కునేవాళ్ళు దాని మీద కూర్చుంటారు కదా" అంది. నేను పూర్తిగా దాని వైపే. నోరు విప్పి అడగడం మన వైపు నుంచి నేర్చుకోవాలి గానీ, దాచిపెట్టడం నేర్చుకోనక్కర్లేదు. నాన్న కాసేపు ఆలోచించి, "సరే, చెప్పు. చెప్పి, చైను రసీదు కూడా పక్కనే పెట్టు" అన్నారు.

రెండోసారి షోరూమ్‌కి నేనూ వెళ్ళాను, మాట మాత్రం తననే మాట్లాడనిచ్చాను. ఒక జాగ్రత్త చెప్పాను: పాత బండి ఊసెత్తకముందే కొత్త బండికి ట్యాక్సు, ఫ్రైట్ (రవాణా ఖర్చు), సెటప్ (బిగింపు ఖర్చు), డాక్యుమెంట్ ఫీజు అన్నీ కలిపి చివరికి కట్టాల్సిన ధర కాగితం మీద రాయించుకోమని. రెండూ కలిపి మాట్లాడితే పాత బండికి 300 పెంచి, కొత్త బండి ఫీజుల్లో అదే 300 కలిపేస్తారు. మనం గెలిచామనుకుంటూ వచ్చేస్తాం. ఆ కాగితం చేతికొచ్చాక రసీదులు, రెండు తాళాలు, ఓనర్స్ మాన్యువల్ బల్ల మీద పెట్టింది. పడిపోయిన సంగతి తనే చెప్పింది. ఇంజిన్ వేడిగా ఉంటే పొద్దున స్టార్ట్ అయ్యే ఇబ్బందులు బయటపడవు కదా, అందుకే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడమని బండి ట్రక్కు మీద తెప్పించింది. గొంతు కొంచెం వణికింది గానీ, "మా లెక్క ప్రకారం 1,500 రావాలి. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పండి" అని అడిగింది. అతను విసుక్కోలేదు. గీతలకి 100 తీసి 1,400 అన్నాడు. అది న్యాయంగానే ఉంది.

ఆ రాత్రి నాన్న మళ్ళీ అడిగారు. "బయట అమ్మితే రెండు వేలొస్తాయన్నావుగా, ఆరొందలు ఎందుకు వదులుకున్నావు?" మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులోనే చెప్పింది. టెక్సస్‌లో బండి కొంటే 6.25 శాతం ట్యాక్సు. పాత బండి డీలర్‌కి ఇస్తే, దాని విలువ తీసేసి మిగతాదానికే ట్యాక్సు. 7,000కి 437.50 కట్టేది, 5,600కి 350 కట్టింది. 87.50 మిగిలింది. అంటే అసలు తేడా 512.50. (కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఈ తగ్గింపు లేదు. అక్కడ పూర్తి ధర మీద ట్యాక్సు పడుతుంది, కాబట్టి వాళ్ళ లెక్క మారుతుంది.) బయట అమ్మాలంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంటికొచ్చి బండి నడిపి చూస్తామంటారు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం, పేరు మార్పుకి పెట్టే 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలు. అమ్మేశామని 30 రోజుల్లో మోటారు వాహనాల శాఖకి తెలపాలి. తెలపకపోతే కొన్నవాడి టోల్ బిల్లులు మనింటికే వస్తాయి.

"నడిపి చూస్తానని తీసుకెళ్ళినవాడు పడితే?" అడిగారు నాన్న.

"అదే నా టెన్షన్ తాతయ్యా."

"అయితే ఆ అయిదొందలూ పోనీలే. తమ్ముడి కారు ఎప్పుడు మారుస్తారు? దానిక్కూడా ఇలాగే కాగితం రాయించు, నేను చూస్తాను."