బూడిదలో పడుకున్న ఫోర్‌మన్

అడవి మంటలార్పే వాళ్లకి పుస్తకాలెందుకని మొన్న ఒక ఫ్రెండ్ నవ్వాడు. నాకు వెంటనే మాన్ గల్చ్ అనే లోయలో జరిగిన అగ్నిప్రమాదం గుర్తొచ్చింది. 1949 ఆగస్టు 5, అమెరికాలోని మోంటానా. ఎండుగడ్డి కొండవాలు మీద మంటలార్పే బృందాన్ని మంట తరుముకొస్తుంటే, వాళ్ల నాయకుడైన ఫోర్‌మన్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి, ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. అది కాలిన చోట, ఇక మండడానికేమీ మిగలని బూడిదలో పడుకోబోతూ, మీరూ రండని కేకలేశాడు. ఒక్కరూ వెళ్లలేదు. పిచ్చెక్కిందనుకుని ఉంటారు, నేనున్నా అదే అనుకునేవాణ్ణి! ఆయన, కొండ అంచు దాటిన ఇద్దరు బతికారు. 13 మంది పోయారు.

ఇప్పుడు అక్కడి సిబ్బందికి నాయకత్వ శిక్షణలో ఇలాంటి ఘటనల పుస్తకాలు కలిసి చదవడం కూడా ఉంది. మీరు ఏ క్రూలో ఉన్నా మొదలుపెట్టండి, వారానికి ఒక చాప్టర్ చాలు. ముందు కొత్త కుర్రాణ్ణే అడగండి, "నువ్వైతే ఆ బూడిదలోకి వెళ్తావా?" అని. కెప్టెన్ చివర్లో మాట్లాడాలి, లేకపోతే అందరూ ఆయన మాటకే తలూపుతారు. నిన్నటి మంటలో నీకు భయమేసిందా అంటే ఎవరూ నోరు విప్పరు గానీ, 1949 నాటి కుర్రాళ్ల భయం గురించైతే గంటసేపు మాట్లాడతారు, మధ్యలో ఎక్కడో తమది కూడా చెప్పేస్తారు.